అరవై ఎకరాల లెక్క

ఆ రోజు నేను పద్దెనిమిది జవాబు పత్రాల మీద ఎర్ర సిరాతో ‘కాపీ’ అని రాశాను. పద్దెనిమిదీ చదివి రాయలేదు. మొదటి నాలుగు చదివాను. అయిదోదాన్లో కూడా అదే మాట కనబడేసరికి, మిగతావాటిలో ఆ లెక్క ఉన్న పేజీ తిప్పడం, ‘ఎకరాలు’ అన్న మాట ఉందా లేదా చూడడం, రాసేయడం. అంతా కలిపి పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాల పనిని సరిదిద్దడానికి నాకు ఏడు నెలల పైనే పట్టింది.

ముప్పై నాలుగేళ్ళు లెక్కల మాస్టారిగా పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఈ మధ్య విజయవాడలో కొత్త టీచర్ల శిక్షణకి పిలిస్తే వెళ్ళి రెండు గంటలు మాట్లాడాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక అమ్మాయి, “సార్, మీరు చెప్పినవన్నీ బాగా జరిగినవేనండీ. పాడైనవి కూడా చెప్పొచ్చు కదా” అంది. పక్కనున్న కుర్రాడు “ఊరుకో, సార్ ఏమన్నా అనుకుంటారు” అని మోచేత్తో పొడిచాడు. నేనేమీ అనుకోలేదు. కానీ ఆ పూట జవాబు కూడా చెప్పలేదు. ఇది ఆ జవాబు. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. ఒక లెక్క, దాన్ని నేర్పిన టీచరు, నేర్చుకున్న పిల్లలు, దాన్ని అర్థం చేసుకోలేకపోయిన నేను ఉంటాం.

గోడ లెక్కలో వరి నాట్లు

కంకిపాడుకీ ఉయ్యూరుకీ మధ్య ఒక హైస్కూల్లో చేసేవాణ్ణి అప్పుడు. మా మండలంలో ఒక బడి పిల్లల పేపర్లు ఇంకో బడి వాళ్ళు దిద్దే ఏర్పాటు ఉండేది. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక, చుట్టుపక్కల ప్రాథమికోన్నత పాఠశాలల ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు మా హైస్కూలుకి వచ్చాయి. స్టాఫ్ రూములో బల్లలు కలిపి వేసుకుని కూర్చున్నాం. నా పక్కన జిలానీ. నాకంటే పదేళ్ళు చిన్న, మంచి లెక్కల మాస్టారు, నోరు ఊరుకోదు.

ఆ పేపర్లో నాలుగు మార్కుల లెక్క ఒకటుంది. ఒక గోడని ఒక మేస్త్రీ ఇరవై రోజుల్లో కడతాడు, ఇంకో మేస్త్రీ ముప్పై రోజుల్లో కడతాడు. ఇద్దరూ కలిసి కడితే ఎన్నాళ్ళు పడుతుంది? మనందరం నేర్చుకున్న పద్ధతి తెలిసిందే. మొదటివాడు రోజుకి ఇరవయ్యో వంతు కడతాడు, రెండోవాడు ముప్పయ్యో వంతు. రెండూ కూడితే పన్నెండో వంతు. కాబట్టి పన్నెండు రోజులు.

ఒక ఊరి బడి కట్టలో ఇరవై మూడు పేపర్లున్నాయి; అయిదుగురు ఈ లెక్క ముట్టుకోలేదు. మొదటి పేపర్లోనే ఈ లెక్క ఇలా ఉంది: “మొత్తం పని 60 ఎకరాల నాట్లు అనుకుందాం. మొదటి ముఠా రోజుకి 3 ఎకరాలు. రెండో ముఠా రోజుకి 2 ఎకరాలు. కలిసి 5 ఎకరాలు. అరవైని అయిదుతో భాగిస్తే 12 రోజులు.”

నేను పైకి చదివాను. జిలానీ కళ్ళజోడు తీసి నవ్వాడు. “గోడ కట్టమంటే నాట్లేశారేంటండీ! అయినా అరవై ఎకరాలా? మన మండలంలో అంత ఆసామి ఎవరండీ మాస్టారూ, నాకు తెలీకుండా?”

గదంతా నవ్వింది. రెండో పేపరు తీశాను. అరవై ఎకరాలు. మూడోది, అరవై ఎకరాలు. నాలుగోది కూడా. నవ్వులు ఆగిపోయాయి. “టీచరే బోర్డు మీద రాసిచ్చినట్టుందండీ” అన్నారెవరో. నేను ఎర్ర పెన్ను తీశాను.

జవాబు సరైనదేనని నాకు తెలుసు. ఇరవైకీ ముప్పైకీ క.సా.గు. అరవై, అందుకే అరవై తీసుకున్నారని కూడా తెలుసు. లెక్కల మాస్టారిని కదా. తెలిసి కూడా, ఒకే బడిలో అంతమంది ఒకే వింత పద్ధతిలో ఎలా రాశారన్నదే నా బుర్రలో తిరిగింది. వాళ్ళకి ఎవరో అలా నేర్పి ఉంటారన్నది తట్టలేదు.

ఒక సంగతి చూడండి. ఆ రోజే అంతకు ముందు దిద్దిన కట్టలో నలభై మంది పిల్లలు ఒకే గైడులోని ఒకే వాక్యాన్ని, అందులోని అచ్చుతప్పుతో సహా, నలభై పేపర్లలో రాశారు. వాళ్ళందరికీ మార్కులు వేశాను. అది చదువు అనుకున్నాను. తమ ఊరి చేలో నుంచి లెక్క కట్టినవాళ్ళని దొంగలన్నాను.

పేపరు ఎలా తయారయ్యేది

ఆ ప్రశ్న ఇచ్చింది కూడా నేనే. మండలం మొత్తానికి లెక్కల పేపరు నేనే తయారుచేసేవాణ్ణి. దిద్దేవాళ్ళకి ఇచ్చే జవాబుల కీ కూడా నేనే రాసేవాణ్ణి. అందుకు నాకు కాస్త పేరుండేది, ఆ పేరంటే నాకు ఇష్టమూ ఉండేది.

ఎలా తయారుచేసేవాణ్ణో చెప్తాను. నాలుగు పాత పేపర్లు, రెండు గైడ్లు ముందు పెట్టుకునేవాణ్ణి. ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు రావాలో పట్టిక ఉండేది. పట్టిక నిండితే పేపరు అయిపోయినట్టే. పాఠ్యపుస్తకం తెరిచేవాణ్ణి కాదు. ఏ బడిలో ఏ పాఠం ఎంతవరకు అయిందో ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. అడిగినా ఉపయోగం లేదనుకోండి. అందరి డైరీల్లోనూ ‘సిలబస్ పూర్తయింది’ అనే ఉండేది. నా డైరీలో కూడా.

పుస్తకం రాసినవాళ్ళు, పిల్ల ఈ పాఠం అయ్యేసరికి సొంతంగా ఆలోచించి లెక్క చేయగలగాలి అనుకుని రాశారు. క్లాసులో మేం బోర్డు మీద చేసి, దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించుకోమన్నాం. పరీక్షలో గైడులో ఉన్న మెట్లు ఉన్నాయా లేవా చూశాం. మూడూ మూడు దార్లు. ఆ మూడు దార్ల మధ్య నిలబడిన పిల్లలకి తక్కువ మార్కులొస్తే, వీళ్ళకి చదువు రాదు అని స్టాఫ్ రూములో నిట్టూర్చేవాళ్ళం. ఇరవై అయిదేళ్ళ సర్వీసు వచ్చేదాకా నేను ఇలాగే చేశాను. నా క్లాసులో అందరూ పాసయ్యేవాళ్ళు కాబట్టి నన్నెవరూ అడగలేదు.

మెమో

మా మండల విద్యాధికారి కామేశ్వరరావు గారు. కష్టపడే మనిషి, మంచివాడే. కానీ ఆయన బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా ఆ సాయంత్రానికి దాని పని అయిపోవాలి. దిద్దడం అయిన మర్నాడు పద్దెనిమిది పేపర్లూ విడిగా కట్టి ఆయనకిచ్చాను.

“ఖాయమేనా మూర్తి మాస్టారూ?”

“ఖాయమేనండీ. పద్దెనిమిది మందికీ ఒకే కల రాదు కదా.”

“ఆ టీచరు కొత్తమ్మాయండీ. ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. మెమో ఇచ్చానంటే ఆగిపోతుంది. మీరు చూసే రాశారు కదా?”

చూసే రాశానన్నాను. ఆ రెండు మాటలే నా సర్వీసులో నేను ఆడిన పెద్ద అబద్ధం. ఆ సాయంత్రమే మెమో వెళ్ళిపోయింది. పరీక్ష గదిలో పిల్లలకి జవాబు అందించినట్టు కనబడుతోంది, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని.

ఆ టీచరు పేరు సలోమి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. మెమో అందిన రెండు రోజులకి, బడి వదిలాక బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ మా హైస్కూలుకి వచ్చింది. బాగా నలిగిన కాటన్ చీర, భుజాన సంచి. సంచిలోంచి పిల్లల క్లాసు పుస్తకాలు మూడు తీసింది.

“మాస్టారూ, ఇవి ఒక్కసారి చూడండి. నవంబరు నుంచీ మేం ఇలాగే చేస్తన్నామండీ.”

“నాకు చూపించి లాభం లేదమ్మా. ఆఫీసులో ఇచ్చుకోండి.”

“నన్ను నమ్మక్కర్లేదండీ. మీరొకసారి మా బడికొచ్చి, ఏ పిల్లనైనా లేపి, ఏ అంకెలైనా ఇచ్చి అడగండి. చెయ్యకపోతే ఆ మెమో నేనే ఒప్పుకుంటా.”

“కొత్తలో అందరూ ఇలాగే అంటారు” అన్నాను నేను. కూర్చోమని కూడా అనలేదు.

ఆవిడ పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్ది సంచిలో పెట్టుకుంది. “వస్తానండీ” అని మాత్రం అంది.

పేపర్ల మీద రాసినప్పుడు తొందరపడ్డాను అని సర్దిచెప్పుకోవచ్చు. ఇది అలా కాదు. రుజువు నా బల్ల దాకా నడిచొస్తే వెనక్కి పంపాను. వెళ్ళి అడిగితే పిల్లలు చేసేస్తారేమోనని నాకు లోపల ఎక్కడో భయం ఉండి ఉంటుంది. ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

భవాని బోర్డు దగ్గర

ఆ ఊరి బడిలో ఎనిమిది వరకే ఉంది. తొమ్మిదికి పిల్లలు మా హైస్కూలుకే రావాలి. జూన్లో బళ్ళు తెరిచాక ఆ ఇరవై ముగ్గురూ నా క్లాసులోకే వచ్చారు. వాళ్ళెవరో నేను పట్టించుకోలేదు.

మొదటి వారం పాత పాఠాలు తిరగేస్తున్నాం. చేలోకి నీళ్ళు తోడడానికి ఒక మోటారుకి ఆరు గంటలు, ఇంకో మోటారుకి మూడు గంటలు పడుతుంది, రెండూ కలిపి వేస్తే ఎంతసేపు అని లెక్క ఇచ్చాను. రెండో వరసలో సన్నగా ఉన్న పిల్లని పిలిచాను. పేరు భవాని. బోర్డు దగ్గరికొచ్చి భిన్నాలు వేసింది. పైఅంకెలూ పైఅంకెలూ కూడింది, కిందివీ కిందివీ కూడింది. తొమ్మిదిలో రెండు వంతులు. దాన్ని తిరగేసి నాలుగున్నర గంటలు అని రాసింది.

“ఒక్క మోటారే మూడు గంటల్లో తోడేస్తుంటే, రెండో మోటారు కూడా వేస్తే ఎక్కువసేపు పడుతుందా? రెండోది నీళ్ళు వెనక్కి పోస్తోందా ఏంటమ్మా?”

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల బోర్డు వైపే చూస్తూ, “రెండు గంటలండీ” అంది.

“ఏదీ?”

“జవాబు. రెండు గంటలండీ.”

“తెలిసి ఇదెందుకు రాశావు?”

మళ్ళీ అడిగాను. “ఆరెకరాలు అనుకుంటే వచ్చేస్తదండీ. కానీ అలా చేస్తే కాపీ అంటారంట.”

“ఎవరన్నారు?”

“మా పేపర్ల మీద రాశారంటండీ. ఎవరో హైస్కూలు సారు.”

ఆ ఊరి పిల్లలందరూ ఒక్కసారే తలలు దించుకున్నారు. ఆ సారు ఎవరో వాళ్ళకి తెలియదు. వెళ్ళి కూర్చోమన్నాను. మిగతా పీరియడ్ ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

పద్దెనిమిదీ చదివాను

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి మండలాఫీసుకి వెళ్ళాను. పేపర్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. అటెండరు తీసిచ్చి, “మళ్ళీ ఏం దొరికిందండీ?” అన్నాడు. వరండాలో బల్ల మీద కూర్చుని, ఆర్నెల్ల కిందట చేయాల్సిన పని చేశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను.

ఒకరిలా ఒకరు రాయలేదు. ఒకడు పొలం చెక్క బొమ్మ గీసి అరవై గళ్ళు చేశాడు. ఒక పిల్ల ముఠాలకి ఊళ్ళ పేర్లు పెట్టింది. ఒకడు లెక్క సరిగ్గా మొదలుపెట్టి భాగహారంలో తప్పి పదమూడు రోజులు అని రాశాడు. కాపీ కొట్టినవాడికి ఆ తప్పు ఎలా వస్తుంది?

పదహారో పేపరు భవానిది. అందులో అరవై లేదు. “మొత్తం పని 120 ఎకరాల నాట్లు అనుకుందాం. ఒకరు రోజుకి 6, ఒకరు రోజుకి 4. కలిసి 10. అంటే 12 రోజులు.” దాని మీద కూడా నా అక్షరాలతో ‘కాపీ’ అని ఉంది. ఎవరి దగ్గర చూసి రాసింది నూట ఇరవై? మిగతా పదిహేడింటిలో ఎక్కడా లేదు. ఆ ఒక్క పేపరు చదివి ఉంటే ఆ రోజు నా పెన్ను ఆగిపోయేది.

కొత్తగా చేరిన మీకు ఇదే చెప్తాను. ఒక బడి పిల్లలందరూ ఒకే తప్పు చేస్తే వాళ్ళకి ఆ పాఠం ఎలా చెప్పారో చూడండి. అందరూ ఒకే తీరులో ఒప్పు రాస్తే అప్పుడూ అదే చూడండి. పిల్లల్ని అనుమానించడం ఆఖరి పని.

సలోమి టీచరు క్లాసు

మర్నాడు ఆ ఊరు వెళ్ళాను. కాలవకి నీళ్ళొదిలారు, బోర్ల కింద ముందే నారు పోసినవాళ్ళ నాట్లు మొదలయ్యాయి. ఎనిమిదో తరగతిలో సగం మందే ఉన్నారు. సలోమి టీచరు నన్ను చూసి నమస్కారం పెట్టింది కానీ పాఠం ఆపలేదు. వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను.

“మీ అమ్మావాళ్ళ ముఠాలో ఎంతమందిరా?” అని అడుగుతోంది ఒకణ్ణి. “పన్నెండు మందండీ.” “రోజుకెంత నాటతారు?” “మూడెకరాలండీ. వానొస్తే రెండున్నర.” “ఆరుగురే వస్తే?” “ఎకరన్నరండీ” అన్నాడు వాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు. విలోమానుపాతం, అనులోమానుపాతం అన్న పేర్లతో నేను రెండు వారాలు చెప్పే పాఠం అది. ఆ పిల్లలకి ఇంట్లోనే సగం వచ్చేసింది.

పీరియడ్ అయ్యాక వరండాలో నిలబడి జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. క్షమించమన్నాను. ఆవిడ సుద్ద చేతులు దులుపుకుంది.

“మా అమ్మ నాట్ల ముఠాకి పెద్దండీ. చదువు లేదు. ఎవరికెంత పని పంచాలో నోటిమీద చెప్పేస్తది. నేను దాంతోనే పిల్లలకి మొదలెట్టా. భిన్నాలంటే వీళ్ళకి భయమండీ. ఎకరాల దగ్గర మొదలెట్టి నెమ్మదిగా భిన్నాల దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా. ఈలోపు మీ పరీక్ష వచ్చేసింది.”

తర్వాత నావైపు తిరిగి, “క్షమాపణ సరేనండీ మాస్టారూ. నా ప్రొబేషన్ సంగతేంటి?” అంది.

అలా అడిగినందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది. తప్పు చేసినవాడు మెత్తగా మాట్లాడగానే కరిగిపోవాల్సిన అవసరం ఎదుటివాళ్ళకి లేదు.

నాకూ ఒక మెమో

కామేశ్వరరావు గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. పేపర్లు చదవకుండా కాపీ అని రాశాను, చూసే రాశానని మీకు అబద్ధం చెప్పాను, సలోమి గారి మెమో వెనక్కి తీసుకోండి అని. ఆయన చదివి తల పట్టుకున్నారు.

“ఇది పెట్టుకుంటే మీ పరువేం కావాలండీ? నోటిమాటగా సర్దేద్దాం. ఆవిడ సంజాయిషీ బాగుంది, అంగీకరించాం అని రాసేస్తా.”

“అలా రాస్తే ఆవిడ తప్పు చేసింది, మనం వదిలేశాం అన్నట్టు ఉంటుందండీ. తప్పు నాది. మెమో నాకివ్వండి.”

“మీకు మెమో ఏంటండీ మాస్టారూ! మండలానికి పేపరిచ్చే మనిషి. నలుగురూ నవ్వుతారు.”

“ఆ రోజు స్టాఫ్ రూములో కూడా నవ్వారండీ.”

మూడుసార్లు తిరిగాను. ఆయన విసుక్కున్నారు, కోప్పడ్డారు, చివరికి ఆగస్టులో రెండు కాగితాలూ ఒకే రోజు నా చేతిలో పెట్టారు. ఒకటి సలోమి గారి మెమో రద్దు. రెండోది, నా మీద పైవాళ్ళకి రాసి, అక్కణ్ణించి తెప్పించిన మెమో. మండలంలోని లెక్కల మాస్టర్లందరూ ఉన్న మీటింగులో లేచి రెండూ నేనే చదివాను. జిలానీ పక్కన కూర్చుని నేల చూపులు చూశాడు. ఆ తర్వాత లేచి, “ఎకరాల జోకు వేసింది నేనండీ. అది కూడా రాసుకోండి” అన్నాడు. సలోమి గారు మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఆవిడ ప్రొబేషన్ డిక్లేర్ అయింది, కొన్ని నెలలు ఆలస్యంగా. ఆ ఆలస్యం వల్ల ఆవిడకి జరిగిన నష్టాన్ని నేను పూడ్చలేకపోయాను. ఆ బాకీ ఇప్పటికీ నా మీదే ఉంది.

నా సర్వీసు మొత్తంలో ఉన్న మెమో అదొక్కటే. పట్టుబట్టి తెచ్చుకున్నది. నాకొచ్చిన శాలువాలు ఎక్కడున్నాయో తెలియదు కానీ అది మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది.

మూడు గళ్ళ కాగితం

ఆ మీటింగులోనే సలోమి గారిని అడిగాను, ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏం చేద్దాం అని. ఆవిడ ఒక తెల్లకాగితం మీద నిలువుగా రెండు గీతలు గీసింది. మొదటి గడిలో ఈ పాఠం అయ్యాక పిల్ల ఏం చేయగలగాలి, పుస్తకం చూసి రాయాలి. రెండో గడిలో క్లాసులో నిజంగా ఏం చెప్పాం, ఎంతమంది పిల్లలున్నారు. మూడో గడిలో పరీక్షలో ఏం అడుగుతాం, దానికి ఎన్ని దార్లలో జవాబు రావచ్చు. మూడు గళ్ళూ ఒకదానికొకటి కలవకపోతే ఆ ప్రశ్న పేపర్లోకి వెళ్ళకూడదు. అంతే.

నెలకో శనివారం మధ్యాహ్నం ఏదో ఒక బడిలో కలిసేవాళ్ళం. మొదటి నెల అందరి రెండో గడి నిండుగా ఉంది, డైరీలాగే. సలోమి గారి దాంట్లో మాత్రం ఒక పాఠం ఎదురుగా ‘చెప్పలేదు. నాట్లకి వెళ్ళి పిల్లలు రాలేదు’ అని ఉంది. జిలానీ నెమ్మదిగా తన కాగితం వెనక్కి తీసుకుని రెండు చోట్ల కొట్టేశాడు. తర్వాత నేను. ఆ రోజు మా మండలంలో మొదటిసారి నిజంగా ఎంత చదువు జరిగిందో మాకు తెలిసింది.

కామేశ్వరరావు గారికి ఆందోళన. “సిలబస్ పూర్తి కాలేదని మీరే రాసిస్తే పైవాళ్ళకి నేనేం చెప్పాలండీ?”

“పూర్తయిందని రాస్తే పిల్లలకి మేమేం చెప్పాలండీ?” అంది సలోమి గారు. ఆయన కాగితం తన వైపు లాక్కుని, “సరే, ఆ పాఠం వచ్చే పరీక్షకి జరపండి. నేను చూసుకుంటా” అన్నారు. చూసుకున్నారు కూడా. నా ఉత్తరం తర్వాత, సాయంత్రం దాటినా ఆయన బల్ల మీద ఒక కాగితం పడి ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ కాగితం గురించి గర్వంగా చెప్తున్నాను, దాచుకోను. రెండేళ్ళలో మా మండలం పేపర్లలో ఖాళీగా వదిలేసిన ప్రశ్నలు బాగా తగ్గాయి. పిల్లలు తప్పో ఒప్పో ఏదో ఒకటి ప్రయత్నించి రాసేవాళ్ళు. తొమ్మిదికి వచ్చేవాళ్ళకి భిన్నాలంటే వణుకు పోయింది. ఎకరాలతో మొదలైనవాళ్ళు భిన్నాల దాకా వచ్చారు, సలోమి గారు అనుకున్నట్టే. మంగళగిరి నుంచి వచ్చిన ఒక మాస్టారు అదే పాఠాన్ని మగ్గం మీద నేసే గజాలతో చెప్పడం మొదలుపెట్టారు. మా కీలో దానికి కూడా చోటిచ్చాం.

ఒక హెచ్చరిక. పరీక్షలో వచ్చేదే చెప్పమని దీనర్థం కాదు. అలా అర్థం చేసుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మొదటి గడి చదవలేదు. ఇంకో చోట ఎవరో ఈ కాగితాన్ని మెరుగుపరిచి ఏడు గళ్ళు చేశారు. ఏడో గడి సంతకానికి. అక్కడ అది ఆర్నెల్లకే చచ్చిపోయింది. మీకెవరైనా ఏడు గళ్ళ కాగితం ఇస్తే పూర్తి చేసి ఇచ్చేయండి. మీకోసం మాత్రం మూడు గళ్ళది పెట్టుకోండి.

ఎర్ర సిరా

మెమోలు చదివిన మర్నాడు జరిగింది చెప్పి ముగిస్తాను. పేపర్లు మళ్ళీ దిద్దడానికి కామేశ్వరరావు గారు అనుమతిచ్చారు. పద్దెనిమిదీ తీసుకుని తొమ్మిదో తరగతిలోకి వెళ్ళాను.

“మీ పేపర్ల మీద కాపీ అని రాసిన హైస్కూలు సారు నేనే” అన్నాను. “చదవకుండా రాశాను. మీరు కాపీ కొట్టలేదు. ఎకరాలతో చేసిన లెక్క సరైన లెక్క.”

“మీరాండీ!” అన్నాడు వెనక నుంచి ఒకడు. వాడి పక్కవాడు వాడి నోరు మూశాడు.

ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి, వాళ్ళ ఎదురుగానే ‘కాపీ’ అన్న మాట కొట్టేసి, నాలుగుకి నాలుగు వేసి, పక్కన సంతకం పెట్టి ఇచ్చాను. పదమూడు రోజులు రాసినవాడికి మూడు. వాడు ఒప్పుకున్నాడు. ఆఖర్న భవాని వచ్చింది.

“అందరూ అరవై తీసుకుంటే నువ్వు నూట ఇరవై ఎందుకు తీసుకున్నావమ్మా?”

“ఏ అంకె తీసుకున్నా జవాబు మారదని మా టీచరుగారు చెప్పారండీ. నిజమో కాదో చూద్దామని.”

“పరీక్షలోనా?”

“అప్పుడే గుర్తొచ్చిందండీ.”

“మరి?”

“మారలేదండీ.”

కొట్టేశాను. నాలుగు వేశాను. సంతకం పెట్టాను. ఆ పిల్ల పేపరు తీసుకుని వెళ్ళలేదు. మొదటి పేజీకి తిప్పి, అక్కడ మొత్తం మార్కులున్న చోట వేలు పెట్టింది.

“ఇక్కడ కలపలేదండీ.”

నిజమే. లోపల నాలుగు వేశాను, పైన మొత్తం పాతదే ఉంది. ఆ పిల్లది ఒక్కటే కాదు, పద్దెనిమిదింటిలోనూ అంతే. భవాని మొత్తం దిద్ది ఇచ్చి, మిగతా పదిహేడు పేపర్లూ వెనక్కి తెమ్మన్నాను. బెల్లు కొట్టారు. తర్వాతి పీరియడ్ మాస్టారు గుమ్మం దగ్గరికి వచ్చారు. పది నిమిషాలు ఆగమని ఆయన్ని బతిమాలుకుని, ఒక్కో పేపరూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, మొత్తాలన్నీ మళ్ళీ కూడి రాశాను. భవాని పక్కనే నిలబడి చూసింది.